అవునన్న పాపానికి

కౌనస్‌లో పాతపుస్తకాల కొట్లో కొన్న నిఘంటువు
మైండ్ అంటే మనసు అంది.
అంతే. ఒక్క ముక్క.
మిగతా పేజీ ఎవరో చింపుకుపోయారు,
పొగాకు చుట్టుకోవడానికేమో.

ఆ ఒక్క మనసు పట్టుకుని
ఫ్రేజర్‌బరా చేపల ఫ్యాక్టరీలో చేరాను.

మొదటిరోజే గోడమీద ఎర్రక్షరాలు:
మైండ్ యువర్ ఫింగర్స్.
వేళ్ళకీ మనసుంటుందా, అనుకున్నాను.
ఉంటుంది. మంచుముక్కల్లో ఆరుగంటలు
కానాగంతల కడుపులు చీల్చాక
వేళ్ళు నా మాట వినడం మానేసి
వాటి దారి అవి చూసుకున్నాయి.

మెట్టు దగ్గర మైండ్. దూలం కింద మైండ్.
పొట్టి గుమ్మాలు ఆ ఊళ్ళో, పొడుగు మనుషులు.
పక్కబల్ల మోరాగ్ పిల్లాణ్ణి
శనివారాలు వాళ్ళత్త మైండ్ చేస్తుందట.
మనసు చేస్తుందా?
చేస్తుంది. ముక్కు తుడుస్తుంది, బూటు లేసులు కడుతుంది,
వాడు సముద్రంవైపు పరిగెడితే చొక్కా పట్టి లాగుతుంది.

మా ఊళ్ళో మనసు ఒక వస్తువు.
ఇస్తాం, పారేసుకుంటాం, విరగ్గొట్టుకుని ఏడుస్తాం.
ఇక్కడ దానిచేత పని చేయిస్తారు.

కింది వాటాలో ఇంటాయన వాటీ నోబుల్.
డెబ్భై తొమ్మిదేళ్ళు. పడవ అమ్మేసి పదకొండేళ్ళు.
అద్దె ఇవ్వడానికి దిగిన తొలి సాయంత్రం
టీ పోసి, జేబులోంచి పైపు తీసి,
అగ్గిపుల్ల గీయబోయి ఆగి
"డు యు మైండ్?" అన్నాడు.

నీ ఇల్లు, నీ పొగాకు, నీ ఊపిరి.
మధ్యలో నాదేం పోయింది?
నిండుమనసుతో "యెస్" అన్నాను.
మర్యాద చాల్లేదేమోనని
"యెస్, యెస్, ప్లీజ్" అన్నాను.

ఆయన పైపు వంక చూశాడు. నా వంక చూశాడు.
మళ్ళీ జేబులో పెట్టుకుని
"నెవర్ మైండ్" అని, కోటు తగిలించుకుని
వానలోకి వెళ్ళాడు.

ఆ ఊరి వాన నిలువుగా పడదు,
అడ్డంగా వచ్చి చెంప మీద కొడుతుంది.
పద్నాలుగు నెలలు, ప్రతి శుక్రవారం,
నేను లోపల ఆయన బిస్కెట్లు తింటూ,
ఆయన బయట బొగ్గుకొట్టు చూరుకింద
గుప్పిట్లో నిప్పు దాచుకుంటూ.
పెద్దాయనకి చలిగాలి ఇష్టం కాబోలు అనుకున్నాను.
ఓరోజు మోరాగ్‌కి చెప్పాను కూడా, నవ్వుతూ.

తను నవ్వలేదు. కత్తి కింద పెట్టింది.
"అక్కడ అవునంటే వద్దని, జివిలే.
సరే అనాలంటే కాదు అనాలి."

కొన్ని మాటలకు తలుపు బయటికి తెరుచుకుంటుంది.
నేను పద్నాలుగు నెలలు లోపలికి లాగుతూ కూర్చున్నాను.

ఇంకో సంగతి.
టీ తాగుతూ ఆయన, లైట్‌హౌస్ వైపు చూస్తూ,
"ఐ మైండ్ మై బ్రదర్" అనేవాడు.
తమ్ముడంటే కిట్టదనుకున్నాను.
తర్వాత, ఎక్కడో మంచాన పడ్డవాణ్ణి సాకుతున్నాడనుకున్నాను.
ఆ తీరంలో పాతవాళ్ళ నోట దానికి
గుర్తుంది అని అర్థమట. అదీ మోరాగే చెప్పింది.
తమ్ముడు పోయి నలభై ఏళ్ళు. వలతోపాటే.
నా రెండు తప్పులూ
పూర్తిగా తప్పులేనని ఇప్పటికీ అనలేను.

ఆ శుక్రవారం అద్దెతోపాటు అగ్గిపెట్టె తీసుకెళ్ళాను.
మెట్లమీద వాక్యం పదిసార్లు వల్లించుకున్నాను.
"మిస్టర్ నోబుల్, డు యు మైండ్,
మొదటిరోజు నేను యెస్ అన్నది?"

కెటిల్ దించాడు. చాలాసేపు చూశాడు.
"నో," అన్నాడు. "ఐ డోంట్ మైండ్."

గుర్తులేదనా?
గుర్తుండి కూడా, పరవాలేదనా?
నిఘంటువు పైగదిలో ఉంది, చిరిగిన పేజీతో.
వెళ్ళి తెచ్చుకోలేదు.
అగ్గిపుల్ల గీసి ముందుకు చాచాను.

ఆరిపోకుండా ఆయన
రెండు చేతులూ అడ్డం పెట్టాడు,
గదిలో గాలి లేకపోయినా.